పీసు రేటుకు వెచ్చదనం దొరకదు

మొన్న ఆదివారం మా చదువు బృందం జీఎస్-4 సాధన కోసం ఒక కేస్ స్టడీ తయారు చేసుకుంది. మీరు ఒక జిల్లాలో అత్యవసర వైద్య సేవల బాధ్యత చూసే అధికారి. అంబులెన్సులకు ఏడాదికి సరిపడా డిస్పోజబుల్ దుప్పట్లు కొనాలి. ఒక సరఫరాదారు పీసు 40 రూపాయలకు ఇస్తానన్నాడు, ఇంకొకడు 70 రూపాయలకు. ఏం చేస్తారు?

ఆరుగురం రాశాం. నలుగురం ఎల్-1కే ఇస్తామన్నాం: ప్రజాధనం ఆదా, పారదర్శకత, ఆడిట్ అభ్యంతరం ఉండదు. మిగతా ఇద్దరు ఇంకాస్త ముందుకెళ్ళి, ఒకసారి వాడి పారేసే వస్తువే పర్యావరణ విరుద్ధం కాబట్టి ఉతికి వాడే నూలు దుప్పట్లు కొంటామని రాశారు. రెండు రకాల జవాబులకూ మంచి మార్కులే పడతాయి. కానీ ఆరు పేపర్లలో ఒక్కదానిలోనూ ఆ దుప్పటి కింద పడుకునే మనిషి లేడు. నా పేపర్లోనూ లేడు. నా విషయంలో అది క్షమించరాని మరుపు.

మూడేళ్ళ కిందట జనవరిలో మా నాన్న రాత్రిపూట బండి మీద నుంచి పంట కాలువలో పడ్డారు. తొడ ఎముక విరిగింది. అంబులెన్సు త్వరగానే వచ్చింది. అందులోని ఈఎంటీ కుర్రాడు చేయాల్సినవన్నీ ఓపికగా చేశాడు. తడిసిన పంచె కత్తిరించి తీసేసి, మీద పల్చటి నీలం గుడ్డ ఒకటి కప్పాడు. కదిలితే కాగితంలా చప్పుడు చేసింది. నాన్నకు పళ్ళు టకటకలాడుతుంటే ఇంకోటి ఇవ్వమన్నాను. "ఇదొక్కటే ఉందన్నా, ఇండెంటు పెట్టి నెల దాటింది" అన్నాడు. నా స్వెటరు తీసి కప్పాను. క్యాజువాల్టీ దగ్గర నాన్నను దింపాక అతను ఆ నీలం గుడ్డను మడిచి మళ్ళీ బండిలో పెట్టుకున్నాడు. ఒకసారి వాడి పారేయాల్సిన గుడ్డ అది. మా నాన్న కంటే ముందు ఎవరి మీద ఉందో, ఆ తరువాత ఎవరి మీదకు వెళ్ళిందో నాకు తెలియదు. నాన్న కోలుకున్నారు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఎక్కడో ఒక గదిలో, ఫైలు మీద, ఆ గుడ్డను "దుప్పటి" అని రాసి సంతకం పెట్టిన చేతి మీద ఉంది. రేపు ఆ చెయ్యి మీదే కావచ్చు. అందుకే ఈ వ్యాసం.

వేడి దేశంలో చలి ఎక్కడిది?

మీకు వచ్చే మొదటి సందేహం ఇదే. మే నెలలో రామగుండంలో, రెంటచింతలలో నిలబడినవారికి దుప్పటి మాట నవ్వులాటగా ఉంటుంది. కానీ గాయపడిన శరీరానికి బయటి ఎండతో పెద్దగా పని లేదు. రక్తం పోతున్నకొద్దీ శరీరం వేడి పుట్టించే శక్తి తగ్గుతుంది. గాయం చూడటానికి బట్టలు కత్తిరిస్తారు. ఉన్న బట్టలు రక్తంతోనో వాన నీటితోనో తడిసి ఉంటాయి. బండిలో ఏసీ నడుస్తుంది. ఎక్కించే సెలైన్ శరీరం కంటే చల్లగా ఉంటుంది. కాలిన గాయాలవారికి వేడిని పట్టి ఉంచే చర్మమే ఉండదు.

శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే పడిపోతే హైపోథర్మియా అంటారు. గాయపడినవారి విషయంలో 36 దగ్గరే వైద్యులు అప్రమత్తమవుతారు. కారణం: చల్లబడిన రక్తం సరిగా గడ్డకట్టదు. గడ్డకట్టకపోతే ఇంకా రక్తం పోతుంది, రక్తంలో ఆమ్లత్వం పెరుగుతుంది, ఒళ్ళు ఇంకా చల్లబడుతుంది. చల్లదనం, ఆమ్లత్వం, గడ్డకట్టకపోవడం అనే ఈ మూడింటినీ కలిపి ట్రామా వైద్యంలో ప్రాణాంతక త్రయం అంటారు. అందుకే గాయపడినవారిని పరీక్షించే ఏ-బీ-సీ-డీ-ఈ వరుసలో చివరి "ఈ" రెండు పనులు చెబుతుంది: బట్టలు తొలగించి చూడు, వెంటనే కప్పి వెచ్చగా ఉంచు. మన వ్యవస్థలో మొదటి సగం జరుగుతుంది. రెండో సగం స్టాకు మీద ఆధారపడుతుంది.

అంబులెన్సులోనే పుట్టే పసిబిడ్డల సంగతి ఇంకా సున్నితం. నవజాత శిశువు ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తడితో పుట్టిన బిడ్డ నిమిషాల్లో చల్లబడుతుంది. బిడ్డను తుడిచి, తల్లి గుండెల మీద పడుకోబెట్టి, ఇద్దరినీ కలిపి కప్పాలి. కప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా!

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో "గోల్డెన్ అవర్" అన్న మాట చట్టంలోకి వచ్చింది. మన వ్యాసాల్లో ఆ గంట గురించి పేజీలు రాస్తాం. ఆ గంటలో మనిషి ఒంటి మీద ఏం ఉంటుందో రాయం.

ఎల్-1 జవాబులో తప్పు

40 రూపాయలదీ 70 రూపాయలదీ ఒకే వస్తువైతే 40 రూపాయలదే కొనాలి. అందులో వాదన లేదు. తప్పు అంతకు ముందే, టెండరు పత్రంలో జరిగిపోతుంది. "డిస్పోజబుల్ దుప్పటి, నాన్-వోవెన్, ఫలానా పొడవు వెడల్పు" అని రాసి వదిలేస్తే, ఆ వర్ణనకు సరిపోయే అతి పల్చటి గుడ్డే గెలుస్తుంది. సరఫరాదారు మోసం చేయలేదు. మనం అడిగింది ఇచ్చాడు.

వెచ్చదనం గుడ్డ నుంచి రాదు, గుడ్డలో చిక్కుకుని కదలకుండా ఉండే గాలి నుంచి వస్తుంది. మన కురుమలు నేసిన గొంగడి వెచ్చగా ఉండేది ఆ ఉన్ని పోగుల మధ్య గాలి వల్లే. ఒంటి పొర పాలీప్రొపిలీన్ షీటులో గాలి నిలవదు. అది మానం కాపాడుతుంది, చలి కాపాడదు. మధ్యలో పాలియెస్టర్ దూది పరిచి కుట్టిన బహుళ పొరల డిస్పోజబుల్ దుప్పట్లు ఉన్నాయి. మెరిసే రేకు దుప్పట్లు ఉన్నాయి. ఈ రేకు రకం 1964లో నాసా చేసిన పరిశోధనల నుంచి వచ్చింది. పల్చటి ప్లాస్టిక్ పొర మీద లోహపు పూత ఉంటుంది. అది శరీరం నుంచి వికిరణంగా పోయే వేడిని తిప్పికొడుతుంది, గాలినీ తడినీ ఆపుతుంది. కానీ కింద ఉన్న చల్లటి స్ట్రెచర్‌లోకి వహనం ద్వారా పోయే వేడిని ఆపలేదు. అంటే రేకు ఒక్కటే చాలదు, దాని తోడుగా దళసరి పొర ఒకటి కావాలి. బడి సైన్సులో చదివిన వహనం, సంవహనం, వికిరణం ఇక్కడ టెండరు షరతులుగా మారాలి. మారడం లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. ఇవి నేను వాదన కోసం తీసుకున్న అంకెలు, ఏ జిల్లావీ కావు. వంద అంబులెన్సులు, ఒక్కోటి రోజుకు 4 కేసులు చొప్పున ఏడాదికి 1,46,000 కేసులు. నలుగురిలో ఒకరికి దుప్పటి కావాలనుకుంటే 36,500. పీసు 40 రూపాయలైతే 14.6 లక్షలు, 70 రూపాయలైతే 25.55 లక్షలు. ఫైలు మీద 10.95 లక్షల ఆదా. కానీ పల్చటిది ఒకటి చాలదు. మనసున్న ఈఎంటీ రెండు కప్పుతాడు. అప్పుడు ఖర్చు 29.2 లక్షలు, అంటే ఖరీదైనదాని కంటే ఎక్కువ. అయితే బడ్జెట్ ఇచ్చింది 36,500 పీసులకే కాబట్టి ఆరు నెలలకు స్టాకు ఖాళీ. ఆ తరువాత వాడినదాన్నే మడిచి మళ్ళీ వాడతారు. మా నాన్న మీద పడింది అదే. కాగితం మీద ఆదా అయిన డబ్బు రోగి ఒంట్లో వణుకుగా తేలుతుంది. వణుకుకు ఆడిట్ పేరా ఉండదు.

"నిబంధనలు ఒప్పుకోవు" అని మీరు అనవచ్చు. నిబంధనలు చదవండి. సాధారణ ఆర్థిక నియమాలు 2017లోని 144వ నియమం ఏం చెబుతుంది? కొనే సంస్థ తన నిర్దిష్ట అవసరాన్ని బట్టి నాణ్యత, రకం, పరిమాణం స్పష్టంగా రాయాలి. అనవసరపు హంగులు ఉండకూడదు. అవసరానికి మించి కొని గోదాములో నిల్వ ఖర్చు మోయకూడదు. ఈ నియమాలు కేంద్ర శాఖలకు వర్తిస్తాయి. రాష్ట్రాలకు తమ ఆర్థిక కోడ్‌లు, తమిళనాడు (1998), కర్ణాటక (1999) వంటి చోట్ల ప్రత్యేక టెండరు చట్టాలు ఉన్నాయి. సూత్రం అన్నిచోట్లా ఒకటే: ముందు అవసరం, ఆ అవసరం తీర్చేవాటిలో తక్కువ ధర. కేంద్ర ఆర్థిక శాఖ వస్తు సేకరణ మాన్యువల్ కూడా డబ్బుకు తగిన విలువ, వస్తువు జీవితకాలపు మొత్తం ఖర్చు గురించి మాట్లాడుతుంది. అవసరాన్ని రాయడం మానేసి తక్కువ ధరను మాత్రం పట్టుకున్నది నియమం కాదు, మన భయం. విజిలెన్స్ వాళ్ళు ప్రశ్నిస్తారేమోనన్న భయాన్ని మనం నిజాయితీ అని పిలుచుకుంటున్నాం.

నూలు దుప్పటి జవాబులో తప్పు

ఇది మంచి మనసుతో రాసే జవాబు. అందుకే ఇంకా జాగ్రత్తగా చూడాలి.

ఉతికి వాడే దుప్పటి 400 రూపాయలు, 50 ఉతుకులు తట్టుకుంటుంది, ఉతుకుకు 25 రూపాయలు అనుకోండి. ఒక వాడకానికి పడేది 33 రూపాయలు. అద్భుతం! కానీ అంబులెన్సు దుప్పటి ఆసుపత్రి వార్డు దుప్పటి లాంటిది కాదు, అది రోగితో పాటు దిగిపోతుంది. క్యాజువాల్టీలో వణుకుతున్న మనిషి మీద నుంచి దాన్ని లాక్కుని రావాలి, లేదా వదిలేసి రావాలి. పది వాడకాలకు ఒకటి తిరిగి రాకపోయినా దాని సగటు ఆయుష్షు పది వాడకాలే. అప్పుడు ఒక వాడకానికి 40 కలిపి 25, మొత్తం 65 రూపాయలు. లాండ్రీకి తీసుకెళ్ళి తెచ్చే ఖర్చు, అవి ఉతుకులో ఉన్నప్పుడు కావలసిన అదనపు స్టాకు ఇందులో లేవు. పోయిన దుప్పటి ధరను ఈఎంటీ జీతంలో కోసే పద్ధతి పెట్టారంటే, అతను రోగి మీద దుప్పటి కప్పడమే మానేస్తాడు. తప్పు అతనిది కాదు, ఆ నియమం రాసినవారిది.

ఇక ఉతుకు. "శుభ్రంగా ఉతుకుతాం" అన్న హామీని రైల్వే ఉదాహరణ పక్కన పెట్టి చూడండి. ఏసీ బోగీల దుప్పట్లను నిర్ణీత గడువుల్లో ఉతకడం లేదని 2017లో కాగ్ ఎత్తిచూపింది. 2024 నవంబరులో లోక్‌సభకు రైల్వే మంత్రి ఇచ్చిన జవాబులో దుప్పట్లను నెలకు కనీసం ఒకసారి ఉతుకుతామని ఉంది. సొంత లాండ్రీలు ఉన్న అంత పెద్ద సంస్థ పరిస్థితి అది. రైలు ప్రయాణికుడు కనీసం ఆరోగ్యంగా ఉంటాడు. అంబులెన్సులో ఒకరి తెరిచి ఉన్న గాయం మీద ఉన్న దుప్పటి ఇంకొకరి మీదకు వెళుతుంది. గజ్జి దగ్గర నుంచి మందులకు లొంగని బాక్టీరియా వరకు అన్నీ దానితో ప్రయాణిస్తాయి. దారిలో ప్రాణం పోయినవారి ముఖం మీద కప్పేది కూడా అదే దుప్పటి.

అలాగని నూలు దుప్పటికి చోటే లేదనడం లేదు. బాలింతనూ బిడ్డనూ ఇంటికి దింపే 102 వాహనాల్లో, ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి ముందే అనుకుని మార్చే కేసుల్లో, దుప్పటి తిరిగి వస్తుంది. అక్కడ ఉతికేదే సరైనది. ఆసుపత్రి ఒక మురికి దుప్పటి తీసుకుని ఒక శుభ్రమైనది ఇచ్చే మార్పిడి పద్ధతి నిజంగా నడిచే జిల్లాల్లో ప్రమాద కేసులకూ అది పనికొస్తుంది. మార్పిడి రిజిస్టరు లేని చోట ఉతికే దుప్పట్లు కొనడం మాత్రం గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టే.

చెత్త సంగతి దాటవేయకూడదు

డిస్పోజబుల్ వైపు వాదించే నాలాంటివారు తప్పించుకోకూడని ప్రశ్న ఇది. 2022 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన సింగిల్ యూజ్ ప్లాస్టిక్ నిషేధ జాబితాలో ప్లేట్లు, కప్పులు, స్ట్రాల వంటివి ఉన్నాయి, వైద్య దుప్పట్లు లేవు. కాబట్టి "ఇది చట్ట విరుద్ధం" అని రాయకండి. కానీ పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్కే. జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాలు 2016 ప్రకారం రక్తం, శరీర ద్రవాలు అంటిన, పారేసే బట్టలు, పరుపులు పసుపు రంగు సంచిలోకి వెళ్ళాలి. అక్కడి నుంచి ఉమ్మడి శుద్ధి కేంద్రానికి, చివరకు దహనానికి. దుప్పటి కొన్న అధికారి ఆ సంచి కూడా కొనాలి. ఆసుపత్రి ఆ సంచిని తీసుకునేలా ఒప్పందం ఉండాలి. లేకపోతే బైపాస్ పక్కన ముళ్ళకంపల్లో నీలం గుడ్డలు వేలాడతాయి.

చెత్త తగ్గించే అసలు మార్గం కూడా మంచి వస్తువు కొనడమే. రెండు పల్చటివి పారేసే చోట ఒక దళసరిది పారేస్తాం.

మీరు సంతకం పెట్టే రోజున

ఒకటి, టెండరులో పని రాయండి. పెద్ద మనిషిని భుజాల నుంచి పాదాల దాకా కప్పాలి, ఎన్ని పొరలు, చింపితే ఎంత బలానికి చిరగాలి, వేడిని ఎంత నిలపాలి. ఈ చివరి అంకెకు గుర్తింపు ఉన్న ప్రయోగశాల పరీక్ష అడగండి. టెక్స్‌టైల్స్ కమిటీ ప్రయోగశాలలు ఉన్నాయి. కోయంబత్తూరులోని సిట్రాలో వైద్య వస్త్రాల మీద పనిచేసే కేంద్రం ఉంది. 1,480 కోట్ల రూపాయలతో 2020లో ఆమోదించిన జాతీయ సాంకేతిక వస్త్రాల మిషన్ గురించి కరెంట్ అఫైర్స్‌లో చదివారు కదా, దాని ఉపయోగం ఇలాంటి చోటే.

రెండు, వచ్చిన సరుకును తూకం వేయండి. చదరపు మీటరుకు 40 గ్రాములని రాసిన 1.5 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల పొడవు షీటు 120 గ్రాములు ఉండాలి. వంటింటి తక్కెడ చాలు. 90 గ్రాములు తూగిందంటే మీకు వచ్చింది 30 గ్రాముల గుడ్డ. టెండరు నాటి నమూనాను సీలు వేసి బీరువాలో పెట్టండి, ప్రతి లాటునూ దానితో పోల్చండి.

మూడు, పరిమాణాన్ని బడ్జెట్ నుంచి వెనక్కి లెక్కించకండి. కేసుల రికార్డు నుంచి ముందుకు లెక్కించండి. ఎన్ని ప్రమాదాలు, ఎన్ని కాన్పులు, ఎన్ని కాలిన కేసులు, ఏ నెలలో. పాడేరు ఏజెన్సీకీ ఆదిలాబాద్‌కీ డిసెంబరులో పంపేది మచిలీపట్నానికి పంపినంతే ఉండకూడదు. ధర ఏడాదికి ఖరారు చేసి, సరుకు మాత్రం మూడు నెలలకోసారి తెప్పించుకుంటే గోదాములో చెమ్మకు పాడవదు.

నాలుగు, విపత్తు నిల్వ వేరుగా ఉంచండి. 2023 జూన్ 2న బాలాసోర్‌లో రైళ్ళు ఢీకొని 290 మందికి పైగా చనిపోయిన రాత్రి గానీ, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు గానీ, ఇండెంటు పెట్టి నెల ఆగే వీలుండదు.

ఐదు, వాడిన ప్రతి దుప్పటికీ అడగకుండానే ఇంకోటి బండిలోకి చేరాలి. వాడినందుకు ఈఎంటీని సంజాయిషీ అడగకండి. ప్రమాద కేసు రాసి ఉండి దుప్పటి వాడకపోతే అప్పుడు అడగండి.

1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసును మనందరం జవాబుల్లో వాడతాం. రైలు నుంచి పడి గాయపడిన వ్యక్తిని ప్రభుత్వాసుపత్రులు ఒకదాని తరువాత ఒకటి తిప్పి పంపితే, సకాలంలో అత్యవసర వైద్యం అందించకపోవడం 21వ అధికరణ ఉల్లంఘనేనని సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు లేదన్న సాకు చెల్లదని కూడా చెప్పింది. ఆ తీర్పు పేరు ఉటంకించడం తేలిక. దాన్ని ఒక టెండరు షరతుగా, ఒక తూకంగా, ఒక రిజిస్టరుగా మార్చడం కష్టం. ఉద్యోగం ఆ కష్టానికే ఇస్తారు.

వచ్చే ఆదివారం నేను అదే కేస్ స్టడీ మళ్ళీ రాస్తున్నాను. మొదటి వాక్యం ఎల్-1 గురించి ఉండదు. "ఈ దుప్పటి కింద పడుకునే మనిషికి రక్తం పోతోంది, అతని బట్టలు తడిసి ఉన్నాయి" అని మొదలుపెడతాను. మీరూ రాసి చూడండి.

సాధన ప్రశ్న: "ప్రభుత్వ సేకరణలో అతి తక్కువ ధర అనే సూత్రం అధికారిని కాపాడుతుంది, పౌరుడిని కాదు." అత్యవసర వైద్య సేవల నుంచి ఒక ఉదాహరణతో చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)